చిటికెనవేలికి చోటు లేని టెన్నిస్ బూటు: 6 వారాల వాడకం తర్వాత

నమస్కారం. ఈ జత బూట్ల బరువెంత, ధరెంత, ఎన్ని రంగుల్లో దొరుకుతుంది, మడమ కింద ఎత్తుకూ ముందు పాదం కింద ఎత్తుకూ తేడా ఎన్ని మిల్లీమీటర్లు అన్న వివరాలను మీరు ఇప్పటికే ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు కాబట్టి వాటిని నేను మళ్లీ అప్పజెప్పను. ముందుగా ఒక విషయం చెప్పాలి. ఈ జత నేను కొన్నది కాదు, తయారీదారులు ఉచితంగా పంపారు. వారి దగ్గర డబ్బు తీసుకోలేదు, విడుదలకు ముందు వీడియోను వారికి చూపించనూ లేదు. అయినప్పటికీ ఊరికే వచ్చిన వస్తువు గురించి మాట్లాడేటప్పుడు ఎవరి నాలుకైనా కాస్త మెత్తబడుతుంది కనుక, ఆ మాట గుర్తుంచుకొనే నా అభిప్రాయాన్ని వినండి. బూటు పేరు ఈ వీడియో కింది వివరణలో రాసి ఉంది. పదేపదే పలికితే ప్రకటనలా వినిపిస్తుంది కాబట్టి మాటల్లో మాత్రం ‘ఈ జత’ అనే అంటాను.

6 వారాల్లో 31 ఉదయాలు వీటితో ఆడాను. వారపు రోజుల్లో హైదరాబాదులో సిమెంటు మీద యాక్రిలిక్ పూత వేసిన కోర్టు, నెలకు రెండుసార్లు మా సొంతూరి ఆఫీసర్స్ క్లబ్బులోని మట్టి కోర్టు నా ప్రయోగశాలలు. ఆడేది ఎక్కువగా డబుల్స్. వయసు 43, బరువు 81 కిలోలు, కుడిచేతి వాటం. ఇవన్నీ చెప్పడం ఎందుకంటే, 60 కిలోల కుర్రవాడు సింగిల్స్ ఆడుతూ రాసిన అభిప్రాయం నాకెలా పనికిరాదో, నాది అతనికీ అంతే.

కంపెనీ వారు ఎక్కువగా గొప్ప చెప్పుకుంటున్నది మిడ్‌సోల్‌లో, అంటే అడుగు రబ్బరుకూ పాదానికీ నడుమ ఉండే మందపాటి పొరలో, వాడిన కొత్త ఫోమ్ గురించి. అది బాగుంది. సర్వీసు చేసి ఎడమ కాలి మీద దిగినప్పుడు మోకాలికి తగిలే దెబ్బ తగ్గింది, రెండు గంటలు ఆడినా మడమ నొప్పి పుట్టలేదు. ఆ ఫోమ్ గురించి నేను చెప్పదలచుకున్నది అంతే. బూటు సుఖంగా ఉందా లేదా అన్నది దుకాణంలోని తివాచీ మీద పది అడుగులు నడిచి, కాలి కింద మెత్తగా తగిలితే తేల్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. టెన్నిస్‌లో ముందుకు పరుగెత్తడం కన్నా పక్కలకు ఉరకడం, ఉరికి హఠాత్తుగా ఆగడం, ఆగిన చోటు నుంచే వెనక్కి తిరగడం ఎక్కువ. సింగిల్స్ కోర్టు వెడల్పు 8.23 మీటర్లు, డబుల్స్‌కు 10.97 మీటర్లు, ఆ కొద్ది జాగాలోనే ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయి ఆగుతూ ఉంటాము. ఆగిన క్షణంలో బూటు నేలను పట్టుకుంటుంది గానీ లోపల పాదం ఇంకా కదులుతూనే ఉంటుంది. ఆ కదలికను బూటు ఎక్కడ ఆపుతుంది, ఏ వేలి మీద ఆపుతుంది అన్నదాని మీదనే సుఖమంతా ఆధారపడి ఉంటుంది.

ఈ జత దానిని నా చిటికెనవేలి మీద ఆపుతోంది.

ఇక్కడ కొంచెం నిదానించి చూపిస్తాను. తెర మీద మీరు చూస్తున్నది ఈ బూటు లోపలి నుంచి తీసిన ఇన్‌సోల్, అంటే పాదం కింద పరిచే పలచటి పొర. దీనిని నేల మీద పరచి, ఆడేటప్పుడు తొడిగే మేజోళ్లతోనే దాని మీద నిలబడ్డాను. మడమ సరిగ్గా కూర్చుంది, పాదం వంపు సరిపోయింది, పొడవులో బొటనవేలి ముందు దాదాపు వేలెడు జాగా మిగిలింది. చిటికెనవేలి వైపు మాత్రం పాదం అంచు దాటి బయటికి పొర్లింది. కొలిస్తే ఇన్‌సోల్ అత్యధిక వెడల్పు 98 మిల్లీమీటర్లు, సాయంత్రం పూట నిలబడి కొలిచిన నా పాదం 106 మిల్లీమీటర్లు. పైనున్న అల్లిక గుడ్డ కొంత సాగుతుంది కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఎవరికైనా సర్దుకుంటుంది. 8 మిల్లీమీటర్లు సర్దుకోదు. అందులోనూ పక్కకు ఆగేటప్పుడు పాదం బయటికి ఒరగకుండా ఈ జతకు ఆ అంచునే గట్టి ప్లాస్టిక్ గోడ ఒకటి పెట్టారు. పాదం ఒరగకుండా అది నిజంగానే కాపాడుతుంది, ఆ పనికి దానిని మెచ్చుకోవాలి కూడా. అయితే నా వేలు ఆ గోడకు ఆనుకునే ఉంటుంది కాబట్టి ఆగిన ప్రతిసారీ వేలి కణుపు దానికి రాసుకుంది. నాలుగో రోజుకు బొబ్బ, పదో రోజుకు ఆనెకాయ.

నా పాదమే వింత పాదమని మీరు అనుకోవచ్చు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ, అంటే సీఎల్ఆర్ఐ వారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షమందికి పైగా మనుషుల పాదాలను కొలిచారు. యూరప్, అమెరికా వారి పాదాల కన్నా మన పాదాలు సాధారణంగా వెడల్పుగా ఉన్నాయని ఆ కొలతల్లో తేలింది. మనకంటూ ‘భ’ అనే పేరుతో వేరే సైజుల పద్ధతిని ప్రతిపాదించడానికి ఆధారం ఆ సర్వేయే. మనం ఇంతకాలం వాడుతున్నది ఇంగ్లండు సైజుల పద్ధతి. అందులో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అనగా సుమారు 8.5 మిల్లీమీటర్లు, పాత లెక్కలో దానిని ఒక బార్లీ గింజ పొడవు అనేవారు. పెట్టె మీది అంకె పొడవునే చెబుతుంది, వెడల్పు సంగతి ఎత్తదు. బయటి దేశాల్లో కొన్ని కంపెనీలు ఒకే పొడవులో వెడల్పు రకాన్ని కూడా అమ్ముతాయి. ఈ జతకు మాత్రం ఇక్కడ ఉన్నది ఒకే వెడల్పు.

అప్పుడు మనం చేసే పని ఏమిటంటే, ఒక సైజు పెద్దది తీసుకోవడం. దుకాణంలో ఎవరిని అడిగినా ఇచ్చే సలహా కూడా అదే. దానినీ పరీక్షించాను. కంపెనీ వారిని అడిగి 8 సైజుతో పాటు 9 సైజు కూడా తెప్పించుకొని రెండు ఇన్‌సోళ్లను పక్కపక్కన పెట్టి కొలిచాను. పొడవు 8 మిల్లీమీటర్లకు పైగా పెరిగింది, వెడల్పు పెరిగింది 2 మిల్లీమీటర్లు. నాకు కావలసిన చోట వచ్చింది చిటికెడు, అక్కరలేని చోట వచ్చింది దోసెడు. ఆ పెద్ద బూటు తొడిగి నెట్ దగ్గరికి ఉరికి ఆగితే పాదం లోపల ముందుకు జారి, బొటనవేలి గోరు బూటు కొనకు కొట్టుకుంది. ఆ దెబ్బలు పడీ పడీ గోరు కింద రక్తం గడ్డకట్టి గోరు నల్లబడితే దానిని ‘టెన్నిస్ టో’ అంటారు. మన క్లబ్బుల్లో నడివయసు ఆటగాళ్ల మేజోళ్లు విప్పించి చూస్తే ఎంతమందికి ఈ నల్లగోరు ఉంటుందో! బూటు చిన్నదై గోరు నల్లబడిందని వారు అనుకుంటారు, మళ్లీ ఇంకో సైజు పెంచుతారు. నేను కూడా మూడేళ్లు ఆ పనే చేశాను.

లేసులతో కొంత మరమ్మతు చేసుకోవచ్చు. కింది నుంచి రెండో కన్నాన్ని వదిలేసి లేసును మూడోదానిలోకి ఎక్కిస్తే ముందు పాదం దగ్గర బిగువు సడలుతుంది. అందరూ వదిలేసే చిట్టచివరి కన్నంలో లేసును అదే వైపు తిరిగి గుచ్చి, చిన్న ఉచ్చులాగా చేసి, ఎదుటి లేసును ఆ ఉచ్చులోంచి లాగి కడితే మడమ వెనక్కి కరుచుకొని ముందుకు జారడం తగ్గుతుంది. ఈ రెండూ కలిపి చేశాక 8 సైజులో ఆట సాగింది, బొబ్బ మానింది. కానీ రూ.9,000 దాటిన బూటుకు తొడిగిన మొదటి వారంలోనే ఇంత సేవ చేయవలసి రావడం నాకు చిరాకు తెప్పించింది, ఆ చిరాకు ఈ వీడియో చివరి దాకా ఉంటుందని కూడా ఒప్పుకుంటున్నాను.

నా పాత బూట్ల సంగతి కొంచెం చెబితే ఈ చిరాకు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు అర్థమవుతుంది. నేను ఆట నేర్చుకున్నది తెల్ల కాన్వాస్ బూట్లతో. శనివారం వాటికి తెల్ల పాలిష్ పూసి ఎండలో ఆరబెట్టేవాళ్లము. అడుగు పలచన, పక్కల ఆధారం లేదు, మడమకు మెత్తదనం లేదు; అయినా గుడ్డ కాబట్టి నెల తిరిగేసరికి పాదం ఆకారంలోకి సాగేది, వేళ్లు వేటికవి విడివిడిగా ఉండేవి. ఉద్యోగంలో చేరాక మొదటి జీతాల్లో కొన్నవి పరుగు బూట్లు. అవి దూదిలాగా మెత్తగా ఉంటే ఇంతకన్నా సుఖమేముందని వాటితోనే టెన్నిస్ ఆడాను. ఎత్తైన మెత్తటి మడమ నేరుగా ముందుకు పోయేవాడి కోసం చేసినది కనుక, ఒకనాడు దూరంగా పడిన బంతికి పక్కకు ఉరికి ఆగబోతే బూటు ఒరిగిపోయి చీలమండ బెణికింది, ఐదు వారాలు ఇంట్లో కూర్చున్నాను. టెన్నిస్ ఆడేవారు టెన్నిస్ బూట్లే కొనాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. ఈ జతతో ఎంత విసుగు పుట్టినా ఆ మాటను వెనక్కి తీసుకోను. ఇప్పుడు నేను వాడుతున్న పాత జత ఇన్‌సోల్ వెడల్పు 103 మిల్లీమీటర్లు. ఈ జత కన్నా బరువైనది, చూడటానికి పడవలాగా ఉంటుంది. దానితో నా వేళ్లకు ఇంతవరకు ఒక్క బొబ్బ రాలేదు.

అడుగు భాగం గురించి న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే ఈ జతలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. 1978లో అమెరికన్ ఓపెన్, 1988లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గట్టి కోర్టులకు మారాయి. మన దగ్గర కూడా 2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచినది గట్టి కోర్టు మీదనే. నగరాల్లో ఇప్పుడు మనకు దొరికేవి ఎక్కువగా అలాంటివే, అవి రబ్బరును గరుకు కాగితంలాగా అరగదీస్తాయి. కుడిచేతి వాటం వారు సర్వీసు చేసేటప్పుడు కుడి పాదం బొటనవేలి లోపలి అంచును నేల మీద ఈడుస్తారు. నా పాత బూట్లన్నీ మొదట చిల్లుపడినది అక్కడే. ఈ జతకు ఆ చోట రబ్బరును పైదాకా మడిచి మందంగా అతికించారు, 6 వారాల తర్వాత కూడా దాని మీద గీతలే తప్ప అరుగుదల కనిపించలేదు. ఇంతకు ముందు వాడిన ఒక జత ఇదే సమయానికి లోపలి గుడ్డను బయటపెట్టింది.

మట్టి కోర్టు మీద పరిస్థితి వేరు. మా ఊరి కోర్టును తెల్లవారకముందే నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు దిద్ది సిద్ధం చేస్తారు. అటువంటి నేలకు అడుగంతా ఒకే తీరులో చేప ముళ్లలాగా వంకర గాళ్లు ఉన్న సోల్ కావాలి. కాలు జారవలసినంత జారుతుంది, గాళ్లలో చేరిన మట్టి తనంతట తానే రాలిపోతుంది. ఈ జత అడుగున మధ్యలో గాళ్లు, అంచుల్లో నున్నటి పలకలు ఉన్నాయి. తడి మట్టి ఆ గాళ్ల మధ్య పట్టుకొని ఊడలేదు, ప్రతి పాయింటుకూ రాకెట్ అంచుతో బూటును తట్టుకోవలసి వచ్చింది. మూడోసారి తట్టినప్పుడు మా మార్కరు, అంటే క్లబ్బులో సభ్యులకు ఆటలో తోడుండే ఉద్యోగి, నవ్వి, “సార్, ఇవి పట్నం బూట్లండీ” అన్నాడు. గట్టి కోర్టు కోసమే చేసినవని పెట్టె మీదే రాసి ఉంది కాబట్టి దీనిని లోపంగా లెక్కపెట్టడం లేదు. రెండు రకాల కోర్టుల మీదా ఒకే జతతో నెట్టుకొద్దామనుకునే నాలాంటివారు తెలుసుకోవాలని చెబుతున్నాను.

గాలి ఆడటం ఫరవాలేదు. ఎండ ముదిరాక తొమ్మిది గంటలకు ఆడితే కోర్టు వేడి అడుగులోంచి తెలుస్తుంది, కానీ ఏ బూటులోనైనా తెలుస్తుంది.

కొనాలా వద్దా అంటే, ముందు మీ పాదం కొలుచుకోండి. పాదాలు పగలంతా కొద్దిగా ఉబ్బుతాయి కనుక సాయంత్రం పూట, మేజోళ్లు తొడుక్కొని, కాగితం మీద పూర్తి బరువు మోపి నిలబడి చుట్టూ గీయించుకోండి. సొంతంగా వంగి గీసుకుంటే బరువు మారి గీత తప్పుతుంది. 8 సైజు వారికి వెడల్పు 100 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఈ జత హాయిగా సరిపోతుంది, సోల్ ఒక్కదాని కోసమైనా కొనవచ్చు. 103 దాటితే ఎంత తగ్గింపు ధరకు దొరికినా కొనవద్దు, సైజు పెంచి అసలే కొనవద్దు. దుకాణంలో ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడి చూస్తామని అడగండి. కాదంటే ఇంకో దుకాణానికి వెళ్లండి.

నా మట్టుకు నేను 8 సైజు జతను నా డబుల్స్ జోడీకి ఇచ్చేశాను. ఆయన పాదం నాగలి కర్రులాగా సన్నగా ఉంటుంది. మొన్న రెండు సెట్లు ఆడి, ఇంత మంచి బూటును ఎందుకు తిట్టావని నన్ను కోప్పడ్డారు. మూడు నెలల తర్వాత ఆయన సోల్‌ను తెచ్చి మీకు చూపిస్తాను. నా పాత జత కుడి బూటుకు బొటనవేలి దగ్గర చిల్లు పడితే, మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దానికి సైకిల్ టైరు ముక్క అతికించి 60 రూపాయలు తీసుకున్నారు. రేపు ఉదయం ఆట దానితోనే.