పాత మెర్సిడెస్ గడియారం: క్వార్ట్జ్ వద్దు, అసలు మిషనే బాగు చేద్దాం

అందరికీ నమస్కారమండి. ముందు ఈ చప్పుడు వినండి... టక్! విన్నారా? ఈ ఒక్క చప్పుడు కోసం మూడు ఆదివారాలు కూర్చున్నాను.

ఇది 1960ల నాటి మెర్సిడెస్ డ్యాష్‌బోర్డు గడియారం. జర్మనీలో ష్వెనింగెన్ అనే ఊళ్ళో పుట్టిన కీన్‌జ్లె కంపెనీది. నా చేతికొచ్చేసరికి ముల్లు కదలట్లేదు. "లోపలిదంతా తీసేసి క్వార్ట్జ్ మిషన్ పెట్టించెయ్" అన్నారు చాలామంది. నాకు మనసొప్పలేదు.

ఎందుకంటే ఈ గడియారం తిరిగేది స్ప్రింగుతోనండి. కరెంటు పని దానికి కీ ఇవ్వడం వరకే. స్ప్రింగు వదులవగానే కరెంటు కలిపే రెండు లోహపు పాయింట్లు తగులుతాయి, కాయిల్‌కి, అంటే తీగ చుట్టకి, 12 వోల్టులు అందుతాయి, మీట ఎగిరి స్ప్రింగు బిగుస్తుంది, పాయింట్లు విడిపోతాయి. కొన్ని నిమిషాలకోసారి ఇదే వరస. మీరు విన్న టక్ అదే.

బండి నెలల తరబడి షెడ్డులో పడుంటే బ్యాటరీ దిగిపోతుంది కదా. ఆ కాస్త కరెంటుకు మీట పూర్తిగా ఎగరదు. పాయింట్లు అతుక్కునే ఉంటాయి, కాయిల్ కాగుతూ ఉంటుంది. దానికి కీన్‌జ్లె వాళ్ళు చేసిన ఏర్పాటు చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఈ సన్నటి రేకు టంకం చుక్కతో అతికి ఉంటుంది. వేడెక్కితే టంకం కరిగి రేకు పైకి లేస్తుంది, కరెంటు తెగుతుంది, కాయిల్ బతుకుతుంది. ఎంత చక్కటి ఆలోచనండీ!

అయితే నాకంటే ముందు దీన్ని విప్పినవాళ్ళెవరో ఇక్కడ మామూలు టంకం ముద్దగా పోసేశారు. చూడగానే ప్రాణం ఉసూరుమంది. అది 183 డిగ్రీలు దాటితేగానీ కరగదు. ఈలోపు కాయిల్ మాడిపోవచ్చు. మీటర్ పెట్టి చూస్తే, అదృష్టం, కాయిల్ బాగానే ఉంది. పాత టంకమంతా లాగేసి, 138 డిగ్రీలకు కరిగే బిస్మత్ టంకం ఒక్క చుక్క పెట్టాను.

ముల్లు ఆగడానికి అసలు కారణం నల్లబడ్డ పాయింట్లు, జిగురైపోయిన పాత నూనె. పాయింట్ల మధ్య సన్నటి ఎమరీ కాగితం రెండుసార్లు లాగితే చాలు, ఎక్కువ అరగదీయొద్దు. చక్రాలు పెట్రోలియం స్పిరిట్‌లో కడిగాను. గడియారం నూనె సూదిమొనతో ఇరుసులకు మాత్రమే. దయచేసి స్ప్రే డబ్బా కొట్టకండి, గడియారం వేగాన్ని అదుపులో ఉంచే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి.

అన్నిటికంటే కష్టపెట్టింది ముందున్న క్రోమ్ రింగు. అంచంతా లోపలికి మడిచేసి ఉంటుంది. మొద్దు స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున లేపుతూ రావాలి. ఒక్కచోట తొందరపడ్డాను, ఇదిగో ఈ నొక్కు.

కాయిల్ నిజంగా కాలిపోతే క్వార్ట్జ్ పెట్టుకోండి, తప్పులేదు. కాలకపోతే మాత్రం అసలు మిషనే ఉంచండి. బండి షెడ్డులో పెట్టేటప్పుడు బ్యాటరీ తీగ తీసెయ్యండి.

ప్రస్తుతం రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది. వేగం సరిచేసే వెనక స్క్రూ ఇప్పుడే కాస్త ప్లస్ వైపు, అంటే వేగం పెరిగేలా, తిప్పాను. రేపు పొద్దున మళ్ళీ చూస్తాను.