బీజం రాలకముందే పీకేస్తే? కీడా జడీ కథ

[తెరపై: మే నెల. మంచు కరుగుతున్న హిమాలయ పచ్చికబయలు. నేల మీద బోర్లా పడుకుని గడ్డిలో వెతుకుతున్న మనుషులు]

వీళ్లు వెతుకుతున్నది అగ్గిపుల్లంత సన్నని గోధుమరంగు మొలక. గడ్డిలోంచి రెండు మూడు సెంటీమీటర్లే పైకి కనిపిస్తుంది. చుట్టూ మట్టిని చిన్న పలుగుతో మెల్లగా పెకలిస్తే, అడుగున ఒక గొంగళిపురుగు వస్తుంది. కాళ్లు, కణుపులు అన్నీ అలాగే ఉంటాయి. ప్రాణం ఉండదు.

ఉత్తరాఖండ్‌లో దీన్ని కీడా జడీ అంటారు, నేపాల్‌లో యార్సాగుంబా. టిబెటన్ భాషలో ఆ పేరుకి అర్థం ‘వేసవిలో గడ్డి, చలికాలంలో పురుగు’. నిజానికి ఇది ఫంగస్. నేలలో వేర్లు తింటూ బతికే ఒక చిమ్మట పిల్లపురుగులోకి చొరబడి, దాన్ని లోపల్నుంచే తినేసి, తలలోంచి మొలుస్తుంది.

[తెరపై: అరచేతిలో రెండు పురుగులు. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తబడి]

చైనా సంప్రదాయ వైద్యంలో దీనికి విపరీతమైన గిరాకీ. పురుగు గట్టిగా ఉంటేనే రేటు. మొలక ముదిరి సిద్ధబీజాలు, అంటే ఫంగస్‌కి విత్తనాల్లాంటివి, రాల్చేసరికి పురుగు మెత్తబడిపోతుంది, ధర పడిపోతుంది. అందుకే లేతగా ఉండగానే తీసేస్తారు. అంటే మళ్లీ మొలవాల్సిన బీజం నేలకు చేరనే చేరదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. 15 ఏళ్లలో కనీసం 30 శాతం తగ్గిందని చెబుతూ 2020లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది.

[తెరపై: టిబెట్ పీఠభూమి మ్యాప్]

లెక్క తగ్గడం ఒక్కటే కాదు. వేర్వేరు చోట్ల నమూనాల డీఎన్ఏ పోల్చి చూస్తే, ఉత్తరాన దొరికేవి ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉన్నాయి. దక్షిణాన, ముఖ్యంగా టిబెట్ ఆగ్నేయ మూలన ఉన్న న్యింగ్‌చి వైపు, తేడాలు ఎక్కువ. ఈ ఫంగస్ అక్కడే పుట్టి ఉత్తరానికి పాకి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. ఊరంతా ఒకే రకం వరి వేస్తే ఒక్క తెగులు చాలు కదా, ఇదీ అంతే. వాతావరణం మారుతున్నప్పుడు ఏ రకం తట్టుకుంటుందో ముందే చెప్పలేం. దక్షిణపు లోయ ఒకటి ఖాళీ అయితే, అక్కడి రకం ఇంకెక్కడా దొరక్కపోవచ్చు. కాపాడటం అక్కడి నుంచే మొదలవ్వాలి.

అలాగని తవ్వకం ఆపేయమనలేం. ఆ కొండ ఊళ్లలో చాలా కుటుంబాలకి ఏడాది మొత్తంలో చేతికొచ్చే డబ్బు ఎక్కువగా ఇదే. కానీ సీజన్‌ని కొన్ని రోజులు ముందే ముగించొచ్చు. చివర్లో ముదిరినవాటికి ఎలాగూ రేటు రాదు, వాటిని వదిలేయొచ్చు. తవ్విన గుంటలో మట్టి వెనక్కి పూడ్చొచ్చు.

[తెరపై: జనం దిగిపోయిన కొండ. గడ్డిలో ముదిరిన ఒక్క మొలక, గాలికి రాలుతున్న బీజాలు]