మీ ఇంట్లో ఎవరైనా "నేను విక్కన్‌ని" అంటే...

[స్క్రీన్ మీద: చిన్న బల్ల. రెండు కొవ్వొత్తులు, ఒక గిన్నెలో ఉప్పు, ఇంకో గిన్నెలో నీళ్లు, అగరుబత్తి, నల్ల పిడి కత్తి, ఐదు కోణాల నక్షత్రం చెక్కిన పళ్లెం]

నమస్కారం. ఈ బల్ల చూడగానే మీకు క్షుద్రపూజ గుర్తొచ్చిందా? డల్లాస్‌లోనో లండన్‌లోనో చదువుకుంటున్న అమ్మాయి వీడియో కాల్ చేసినప్పుడు వెనకాల ఇలాంటిది కనిపించిందనుకోండి. "ఏంటమ్మా అది?" అంటే "నేను విక్కన్‌ని, మమ్మీ" అని జవాబొచ్చింది. టెన్షన్ రాకుండా ఉంటుందా! విక్కా అనేది ఒక మతం, దాన్ని పాటించేవాళ్లు విక్కన్లు. ఈ వీడియో ఆ అమ్మానాన్నల కోసం. ఇన్‌స్టాగ్రామ్‌లో "విక్కా" అన్న మాట చూసి అదేంటో తెలుసుకోవాలనుకునే వాళ్లు కూడా చూడొచ్చు.

ముందు మన సంగతి. మన పల్లెల్లో మంత్రగత్తె అనేది ఎవరూ తనకు తాను పెట్టుకునే పేరు కాదు, పక్కవాళ్లు వేసే నింద. ఎవరికో జబ్బు చేస్తుంది, గొడ్డు చస్తుంది. నెపం ఒంటరిగా ఉండే ముసలమ్మ మీదకో, పొలం తగాదా ఉన్న పాలివాళ్ల మీదకో పోతుంది. చేతబడి చేశారని, బాణామతి చేశారని కొట్టి చంపిన వార్తలు తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నిసార్లు చదివాం! విక్కాలో సంగతి తిరగబడి ఉంటుంది. ఇక్కడ మనిషి తానే ఇష్టపడి, "అవును, నేను విచ్‌ని" అంటాడు. ఆడవాళ్లే కాదు, మగవాళ్లూ అంటారు. ఈ తేడా మనసులో పెట్టుకుని మిగతాది వినండి.

[స్క్రీన్ మీద: తెల్ల గడ్డం, చెదిరిన జుట్టుతో గెరాల్డ్ గార్డ్‌నర్ ఫొటో]

విక్కాను లోకానికి పరిచయం చేసినాయన ఈయన, గెరాల్డ్ గార్డ్‌నర్. 1884లో ఇంగ్లండ్‌లో పుట్టారు. సిలోన్ తేయాకు తోటల్లో, మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటల్లో పనిచేసి, తర్వాత మలయాలోనే బ్రిటిష్ ప్రభుత్వం కింద కస్టమ్స్ ఉద్యోగంలో చేరారు. మలయ్ కత్తులంటే ఆయనకు పిచ్చి, వాటి మీద ఏకంగా పుస్తకమే రాశారు. 1936లో రిటైరై ఇంగ్లండ్ వచ్చేశారు. 1939లో న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో పాతకాలపు విచ్‌ల బృందం ఒకటి తనకు దీక్ష ఇచ్చిందని తర్వాత చెప్పుకున్నారు.

ఆ మాటకు వెనక ఒక కథ ఉంది. ఈజిప్టు చరిత్ర మీద పనిచేసిన మార్గరెట్ ముర్రే అనే పండితురాలు 1921లో ఒక వాదన లేవదీశారు. క్రైస్తవం రాకముందు యూరప్‌లో ఉన్న ఒక పాత మతం రహస్యంగా బతుకుతూ వచ్చిందని, విచ్‌లంటూ చంపింది ఆ మతం వాళ్లనేనని ఆవిడ అన్నారు. ఆ మతం కొస తనకు దొరికిందన్నది గార్డ్‌నర్ మాట. చరిత్రకారులు ముర్రే వాదనను ఏనాడో కొట్టేశారు. గార్డ్‌నర్ చేతి రాతల్లో ఉన్నవి ఎక్కడివో కూడా చాలావరకు తేలింది. ఫ్రీమేసన్లు అనే రహస్య సంఘం వాళ్ల తంతు కొంత, 19వ శతాబ్దం చివరి ఇంగ్లిష్ మంత్ర సంఘాల పద్ధతులు కొన్ని, అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లిష్ మాంత్రికుడి రాతలు, పల్లె నమ్మకాలు, ఆయన సొంత కల్పన. నా దృష్టిలో విక్కా 20వ శతాబ్దంలో పుట్టిన కొత్త మతం. ఇవాళ చదువుకున్న విక్కన్లు చాలామంది ఈ మాట ఒప్పుకుంటారు కూడా. "వేల ఏళ్ల నాటిది" అని ఎవరైనా గట్టిగా చెప్తే నవ్వి ఊరుకోండి.

ఇది 1950లలో బయటపడటానికి చట్టం కూడా కారణం. బ్రిటన్‌లో 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టం ఒకటి ఉండేది. మంత్రశక్తులు ఉన్నట్టు నటించడం దాని కింద నేరం. రెండో ప్రపంచయుద్ధం జరుగుతుండగా, 1944లో కూడా, ఆత్మలతో మాట్లాడతానన్న హెలెన్ డంకన్ అనే ఆవిడను దాని కింద జైల్లో పెట్టారు. 1951లో ఆ చట్టం రద్దయింది. 1954లో గార్డ్‌నర్ బాహాటంగా పుస్తకం వేశారు. ముందుమాట రాసింది ఎవరనుకున్నారు? ముర్రేనే.

[స్క్రీన్ మీద: డోరీన్ వాలియెంటే ఫొటో]

నన్నడిగితే ఈ కథలో అసలు మనిషి ఈవిడ. డోరీన్ వాలియెంటే 1953లో దీక్ష తీసుకున్నారు. గార్డ్‌నర్ మంత్ర పాఠాల్లో క్రౌలీ వాక్యాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టేశారు. మొహం మీదే చెప్పారు. "అయితే నువ్వే ఇంకా బాగా రాయి" అన్నది ఆయన ధోరణి. ఆవిడ రాశారు కూడా. ఈ రోజుకీ ప్రపంచమంతా విక్కన్లు పూజలో చదువుకునే దేవి ప్రవచనం ఆవిడ చేతిలో రూపుదిద్దుకున్నదే. 1957లో ఇద్దరికీ చెడింది. పత్రికల వాళ్ల ముందు గార్డ్‌నర్ మరీ ఎక్కువ మాట్లాడుతున్నారని ఆవిడ వర్గం అభ్యంతరం చెబితే, ఆయన ఉన్నట్టుండి "పాత నియమాలు" అని ఒక చిట్టా తీశారు. పూజారిణి వయసు మీద పడ్డాక చిన్నవాళ్లకు చోటిచ్చి తప్పుకోవాలని అందులో ఒక నియమం. పాత నియమాలు అంత అవసరానికి అంత సరిగ్గా దొరకడం విచిత్రమే! డోరీన్ వాళ్లు బయటికి వచ్చేశారు.

1960లలో ఇది అమెరికా చేరింది. 1970లలో అక్కడి స్త్రీవాదులు దేవిని మధ్యలో పెట్టుకుని తమదైన పద్ధతులు కట్టుకున్నారు. ఆ తర్వాత పుస్తకాలు చూసి ఒంటరిగా చేసుకునేవాళ్లు పెరిగారు. మీ అమ్మాయి కూడా బహుశా ఆ బాపతే.

[స్క్రీన్ మీద: మళ్లీ ఆ బల్ల. ఒక్కో వస్తువును దగ్గరగా చూపించాలి]

ఇంతకీ చేసేదేంటి? ముందు నేల మీద వలయం గీస్తారు. చాలాసార్లు ఆ గీత ఊహలోనే ఉంటుంది, కత్తి మొనతో గాల్లో గీస్తారు. ఈ నల్ల పిడి కత్తి పేరు అథామే. దీనితో దేన్నీ కోయరు. తాళ్లూ మూలికలూ కోయడానికి తెల్ల పిడి కత్తి వేరే ఉంటుంది. కత్తుల మీద గార్డ్‌నర్‌కున్న మోజు ఇక్కడ కనిపిస్తుందని నాకనిపిస్తుంది. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పును, పడమర నీటిని, ఉత్తరాన నేలను పిలుస్తారు. తర్వాత దేవిని, దేవుణ్ణి. పాటలు, ధ్యానం, ఒక్కోసారి "ఉద్యోగం రావాలి", "అమ్మకు నయం కావాలి" లాంటి కోరికతో కొవ్వొత్తి వెలిగించడం. దాన్నే వాళ్లు స్పెల్ అంటారు. చివర్లో కేకులు, వైన్ పంచుకుని వలయం విప్పేస్తారు. జంతుబలి ఇందులో లేదు.

ఆ దేవుడికి కొమ్ములుంటాయి. అడవికీ వేటకూ దేవుడు కాబట్టి. క్రైస్తవుల సైతాను బొమ్మకూ కొమ్ములే కదా, అందుకే విక్కన్లు సైతానును కొలుస్తారన్న పుకారు. విక్కాలో సైతానుకు చోటే లేదు. దేవి విషయానికొస్తే, ఎవరికి నచ్చిన పేరుతో వాళ్లు కొలుస్తారు. కొందరి బల్ల మీద మన కాళికాదేవి బొమ్మ కూడా కనిపిస్తుంది. అది గౌరవమా, అడక్కుండా తీసుకుపోవడమా అన్న వాదన వాళ్లలోనే నడుస్తోంది. మీ అభిప్రాయం కామెంట్లలో కొట్లాడుకోండి, కానీ మర్యాదగా!

నీతి అంటారా, "ఎవరికీ హాని చేయనంతవరకు నీ ఇష్టం" అన్నది వాళ్ల మూలవాక్యం. చేసింది మూడింతలై తిరిగొస్తుందని కూడా చాలామంది నమ్ముతారు. ఇవి విక్కన్ల మాటలు. విచ్‌లందరూ విక్కన్లు కారు. టిక్‌టాక్‌లో శాపాలు పెట్టడం నేర్పేవాళ్లకు ఈ నియమాలతో పనిలేకపోవచ్చు.

ఏడాదిలో ఎనిమిది పండుగలు. రెండు అయనాలు, రెండు విషువత్తులు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు), వాటి మధ్య నాలుగు. ఇది కాక పౌర్ణమి పూజలు. అన్నిటికంటే ముఖ్యం అక్టోబర్ 31న వచ్చే సవిన్. ఆ రోజు చనిపోయిన తాతల, అమ్మమ్మల ఫొటోలు బల్ల మీద పెట్టి, వాళ్లకింత భోజనం వడ్డిస్తారు. పెత్రమావాస్యకు బియ్యం ఇచ్చే ఇంట్లో పెరిగిన వాళ్లకు ఇది వేరే చెప్పాలా?

[స్క్రీన్ మీద: సైనిక శ్మశానంలో ఒక సమాధి ఫలకం, దాని మీద వలయంలో ఐదు కోణాల నక్షత్రం]

చట్టం సంగతి తొందరగా చెప్పేస్తా. అమెరికాలో విక్కా కూడా మతమేనని 1986లో ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది. 2005లో అఫ్గానిస్తాన్‌లో చనిపోయిన విక్కన్ సైనికుడి ఫలకం మీద ఈ గుర్తు వేయడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన భార్య పోరాడారు. కోర్టు కేసులు పడ్డాక 2007లో ఒప్పుకుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల్లో సుమారు 13,000 మంది తమ మతం విక్కా అని రాసుకున్నారు. పేగన్ (క్రైస్తవానికి ముందునాటి దేవతలను కొలిచే దారులకు ఉమ్మడి పేరు) అని రాసుకున్నవాళ్లు 74,000.

ఇక ఇంట్లో వాళ్లు అడగడానికి మొహమాటపడే ప్రశ్న. అవును, గార్డ్‌నర్ సంప్రదాయంలో పూజ బట్టల్లేకుండా చేస్తారు. దాచాల్సిన పనిలేదు. చాలా బృందాల్లో, ఒంటరిగా చేసుకునేవాళ్లలో ఇది ఉండదు, అంగీలు వేసుకుంటారు, లేదా మామూలు బట్టలే. సంప్రదాయ బృందాలు 18 ఏళ్లు నిండనివాళ్లకు దీక్ష ఇవ్వవు. దీక్షకు ముందు ఏడాది పైన ఒక రోజు ఆగమనే ఆనవాయితీ కూడా ఉంది. అందుకే పదహారేళ్ల పిల్లను "రా, ఇవాళే దీక్ష ఇస్తా" అని ఎవరైనా పిలిస్తే అది మతం గొడవ కాదు, పోలీసులకు చెప్పాల్సిన విషయం.

డబ్బు దగ్గర కూడా కన్నేసి ఉంచండి. గార్డ్‌నర్ సంప్రదాయంలో నేర్పడానికి ఫీజు తీసుకోరు. "నీ మీద శాపం ఉంది, తీసేయాలంటే ఇన్ని డాలర్లు" అని ఆన్‌లైన్‌లో మెసేజ్ పెట్టేవాడు మన ఊరి దొంగ బాబాకు తమ్ముడే.

మూలికల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. పాత పుస్తకాల్లో కనిపించే బెల్లడోనా అనే మొక్క విషం, పెన్నీరాయల్ నూనె కాలేయాన్ని పాడుచేసి ప్రాణాలే తీయగలదు. పొగ వేయడం వేరు, కడుపులోకి తీసుకోవడం వేరు. హాస్టల్ గదుల్లో కొవ్వొత్తులకు అనుమతి ఉందో లేదో అడగండి, చాలాచోట్ల ఉండదు. బ్యాటరీ కొవ్వొత్తి పెట్టుకుంటే ఏ దేవీ కోప్పడదు.

అమ్మాయితో మాట్లాడేటప్పుడు "ఎవరు నేర్పారు నీకు ఇదంతా?" అని మొదలుపెట్టకండి. "మీ పండుగ ఎప్పుడు? ఏం వండుతారు?" అని అడగండి, బోలెడు చెబుతుంది. డిప్రెషన్‌కో థైరాయిడ్‌కో మందులు వాడుతుంటే మాత్రం, అవి మానేసి మంత్రంతో సరిపెట్టుకోవడం లేదు కదా అని సూటిగానే అడగండి. మానేసిందని తెలిస్తే విక్కా మీద వాదన పక్కన పెట్టి, ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.