వెళ్లినవీ, వెళ్లలేకపోయినవీ

శ్రోతలందరికీ నమస్కారం.

మాది కావలి. ఇంట్లో నేను, మావారు, మా అత్తయ్య, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. మేమిద్దరం టీచర్లమే. వాకిట్లో ఒక స్కూటరు ఉంది. కారు కొందామా వద్దా అన్న మాట మా ఇంట్లో మూడేళ్లుగా నానుతూ ఉంది. మాట మొదలైన ప్రతిసారీ, ఏ కారు బాగుంటుంది అన్న దగ్గరే మొదలయ్యేది. మా మరిది ఒకటి చెబుతాడు. స్కూల్లో సార్లు ఇంకోటి చెబుతారు. రాత్రి పది దాకా ఫోన్లో వీడియోలు చూసి, తెలుపా ఎరుపా అన్న దాకా వచ్చి, అక్కడ ఆగిపోయేవాళ్లం.

ఒకరోజు నాకు అనిపించింది. ఏడాదిలో మనం ఎక్కడెక్కడికి పోతున్నామో మనకే సరిగ్గా తెలియనప్పుడు, ఏ బండి కావాలో ఎట్లా తెలుస్తుంది? గత ఉగాది మర్నాడు ఒక రూళ్ల నోటుబుక్కు తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఎడమ పేజీలో వెళ్లిన ప్రయాణాలు. ఎట్లా వెళ్లాం, ఎంత ఖర్చయింది. కుడి పేజీలో వెళ్లాలనుకుని వెళ్లలేకపోయినవి. మొదట్లో కుడి పేజీ ఊరికే పెట్టాను. ఏడాది తిరిగేసరికి అసలు సంగతి అంతా అందులోనే ఉంది.

ముందు ఎడమ పేజీ చెబుతాను. నెల్లూరుకు ఆసుపత్రి పనిమీద పదకొండు సార్లు. ఒంగోలుకు నాలుగు సార్లు. తిరుపతికి ఒకసారి, పెంచలకోనకు ఒకసారి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఏడు. కొన్నిటికి బస్సు, కొన్నిటికి రైలు, అత్తయ్య వెంట ఉంటే ట్రావెల్స్ కారు. అన్నీ కలిపితే ఏడాదికి 58 వేలు.

ఇప్పుడు కారు లెక్క చూడండి. మేం అనుకున్న కారుకు 6 లక్షలు అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి, ఐదేళ్లలో తీర్చేటట్టయితే నెలకు కంతు సుమారు 12,450 రూపాయలు. మొత్తం మీద వడ్డీ లక్షా 47 వేలు అవుతుంది. అదే అప్పును ఏడేళ్లకు సాగదీస్తే కంతు 9,650కి తగ్గుతుంది, వినడానికి హాయిగా ఉంటుంది. కానీ వడ్డీ 2 లక్షల 10 వేలు దాటుతుంది. ఆ తేడా 60 వేల పైన. షోరూముల్లో ఎక్కువగా వినిపించేది ఏడేళ్ల కంతే. అందుకని మీరు ఐదేళ్లది కూడా అడిగి, రెండిటికీ మొత్తం వడ్డీ ఎంతో కాగితం మీద రాయించుకోండి.

మేం చీటీ డబ్బులు కూడా ముందే కట్టేటట్టు అనుకుని, అప్పును 4 లక్షలకు దించాం. కంతు నెలకు 8,300. ఏడాదికి దాదాపు లక్ష. దానికి పెట్రోలు చేర్చాలి. ఏడాదికి 6 వేల కిలోమీటర్లు తిరుగుతామనుకున్నాం. కంపెనీ చెప్పే మైలేజీ పక్కన పెట్టి, ఏసీ వేసుకుని ఊళ్లో, హైవే మీద తిరిగితే లీటరుకు 16 వస్తుందనుకున్నాం. లీటరు 110 రూపాయలు వేసుకుంటే 41 వేల చిల్లర. ఇన్సూరెన్సు, సర్వీసింగు, టోలు కలిపి ఇంకో 20 వేలు. తడిసి మోపెడై లక్షా 60 వేలు దాటింది.

అటు 58 వేలు. ఇటు లక్షా 60 వేలు. డబ్బు లెక్కే చూస్తే కారు కొనకూడదు. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే కారు కొంటే ఆదా అవుతుందని మనకు మనమే నచ్చచెప్పుకునే ఇళ్లు నేను చాలా చూశాను. మధ్యతరగతి ఇంటికి కారు ఆదా కాదు, ఖర్చే. ఆ ఖర్చు దేనికోసం పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

ఇక కుడి పేజీ. అందులో పదిహేడు ఉన్నాయి. ఒకటి ఆగస్టులో. కనిగిరిలో మా అమ్మకు ఒంట్లో బాగాలేదని రాత్రి తొమ్మిదికి ఫోన్ వచ్చింది. ఆ వేళకు బస్సు లేదు, తెలిసిన ట్రావెల్స్ బండ్లు రెండూ బయట ఉన్నాయి. పొద్దున్నే పోయాం. అమ్మకు పెద్దగా ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నేను పడిన టెన్షన్ నాకు తెలుసు. ఇంకోటి, జొన్నవాడ కామాక్షమ్మ గుడి. ఇంకోటి, మైపాడులో ఉన్న అత్తయ్య చెల్లెలు మంచాన పడితే చూడబోవడం.

అన్నీ వరసగా చదువుకుంటూ పోతే, పదిహేడింటిలో తొమ్మిది మా అత్తయ్యవే. ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. బస్సు మొదటి మెట్టు ఎక్కలేదు. ఆటోలో యాభై కిలోమీటర్లు కూర్చోలేదు. ట్రావెల్స్ బండి పిలుద్దామంటే, నా ఒక్కదానికోసం అన్ని డబ్బులా అంటుంది. ప్రతిసారీ ఆమె చెప్పిన మాట ఒకటే. "మీరు పోయి రండమ్మా, నేను ఇంటికాడ ఉంటాలే." ఆ మాట మామూలుగా రోజూ వినే మాటే. నా దస్తూరీలో, ఒకే పేజీలో, తొమ్మిది తేదీల పక్కన చూసేసరికి నా మనసు కలుక్కుమంది. కారు కొనాలని ఆ పూటే నిర్ణయించుకున్నాను.

మా వెనక వీధిలో ఉండే సారు కూడా నన్ను చూసి నోటుబుక్కు పెట్టారు. ఆయన కుడి పేజీలో ఏడాదికి రెండే ఉన్నాయి. ఇల్లు రైల్వేస్టేషన్‌కు దగ్గర, పిల్లలు విజయవాడలో, ఒంట్లో ఆరోగ్యం. ఆయన కారు మానుకున్నారు. ఆయనదీ సరైన నిర్ణయమే.

కొనాలనుకున్నాక ఏది అన్న ప్రశ్న. ఇక్కడ కాంపాక్ట్ కారు అంటే ఏమిటో ఒక మాట. నాలుగు మీటర్ల లోపు పొడవు ఉండి, పెట్రోలు ఇంజిన్ 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకుండా ఉంటే పన్ను తక్కువ. 2006 బడ్జెట్టులో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించినప్పటి నుంచి ఈ కొలత నడుస్తోంది. అందుకే డిజైర్ లాంటి కారు పొడవు 3995 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పైన వేసే సెస్సు కూడా పోయింది. మాలాంటి వాళ్లకు అది నిజంగా పెద్ద ఊరట.

పొడవు సంగతి అట్లా ఉంచి, నేను చూసింది ఎత్తు. చూడ్డానికి రెండూ చిన్న కార్లే. కానీ స్విఫ్ట్ ఎత్తు 1520 మిల్లీమీటర్లు, వ్యాగన్ ఆర్ ఎత్తు 1675. ఆరంగుళాల తేడా. కుర్రవాళ్లకు అది లెక్కలోకి రాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అదే మొత్తం కారు. అత్తయ్యను నెల్లూరు తీసుకుపోయి మూడు కార్లలో వెనక సీట్లో కూర్చోబెట్టాం. మొదటిదానిలో ఆమె తల వంచి, ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, లోపలికి దిగినట్టు కూర్చుంది. లేవడానికి ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. "పల్లంగా ఉందమ్మా" అంది. రెండోది కొంచెం నయం. మూడో బండి సీటు ఆమె తొడల ఎత్తుకు వచ్చింది. వెనక్కి తిరిగి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, రెండు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి లోపలికి తీసుకుంది. ఎవరినీ పట్టుకోలేదు. పక్కనే ఉన్న సేల్స్ అబ్బాయి టచ్ స్క్రీన్ గురించి చెబుతూనే ఉన్నాడు. మేం ముగ్గురం ఆమె పాదాలే చూస్తున్నాం.

మీ ఇంట్లో కూర్చోవడానికి ఎక్కువ ఇబ్బందిపడే మనిషి ఎవరో వాళ్లను తప్పకుండా వెంట తీసుకుపోండి. చంటిబిడ్డ ఉంటే బిడ్డను తీసుకుపోండి, సీటుకు పిల్లల కుర్చీ తగిలించే కొక్కేలు ఉన్నాయేమో చూడండి. టెస్ట్ డ్రైవ్ మిట్టమధ్యాహ్నం చెయ్యండి. మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు వెనక సీటు దాకా చల్లగాలి వస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

భద్రత దగ్గర మాత్రం నేను బేరం ఆడలేదు. మనం తిరిగేది పదహారో నంబరు జాతీయ రహదారి మీద. అటు చెన్నై, ఇటు కోల్‌కతా లారీలు, చీమకుర్తి గ్రానైట్ మోసే బండ్లు అన్నీ ఆ దారినే. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ అని కార్లను గుద్దించి పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్నారు. పెద్దవాళ్ల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. కొనబోయే కారుకు ఎన్ని వచ్చాయో అడగండి. పరీక్షకు పోని కారైతే ఆ మాట కూడా తెలుసుకుని నిర్ణయించుకోండి. ఇంకో సంగతి, ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా అవి బెల్టుకు తోడే గాని బెల్టుకు బదులు కాదు. వెనక కూర్చున్నవాళ్లు కూడా పెట్టుకోవాలి. అత్తయ్య మొదట, నన్ను కట్టేస్తారా అంది. ఇప్పుడు ఆమే మాకు గుర్తు చేస్తానంటోంది.

పెట్రోలా, డీజిలా, సీఎన్‌జీనా, కరెంటా అన్నదానికి ఎక్కువసేపు తీసుకోను. మాలాగా నెలకు ఐదు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు డీజిల్ దండగ. పైగా 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది, ఎప్పుడూ ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిప్పితే అది మూసుకుపోతుంది. సీఎన్‌జీ చవకే, కానీ చాలా కార్లలో వెనక సామాను చోటు సిలిండరు మింగేస్తుంది. రోజూ ఊళ్లోనే తిరిగి, ఇంట్లో చార్జింగు పెట్టుకునే వీలున్నవాళ్లకు కరెంటు కారు మంచిదే. మాకు కనిగిరి ప్రయాణాలు ఉన్నాయి కాబట్టి పెట్రోలే తీసుకున్నాం.

ఇన్సూరెన్సు గురించి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కూడా కొట్టుకుపోయిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు కోవూరు దగ్గర మా చుట్టం ఒకాయన కారు చక్రాలు మునిగేదాకా నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక ఆయన ఆత్రంగా తాళం తిప్పారు. ఇంజిన్ లోపలికి పోయిన నీరు పిస్టన్ ఎంత నొక్కినా కుంచించుకుపోదు కదా, లోపల కడ్డీలు వంగిపోయాయి. మామూలు పాలసీలో అట్లాంటి ఇంజిన్ నష్టం రాదన్నారు. ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా చేర్చుకోవాలి. సముద్రానికీ పెన్నకూ మధ్య ఉండేవాళ్లం, ఆ నాలుగు డబ్బులకు వెనకాడకండి. మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చేయకుండా తోసుకుంటూనో లాక్కుంటూనో మెకానిక్ దగ్గరికి చేర్చండి.

ఆ ఇన్సూరెన్సు షోరూములోనే తీసుకోవాలన్న నియమం ఏమీ లేదు. మాకు ఇచ్చిన కొటేషన్‌లో రాసిన దానికీ, అవే రక్షణలతో బయట అడిగిన దానికీ తేడా 11 వేలు. అదే కాగితంలో హ్యాండ్లింగ్ ఛార్జీలు అని ఒక అంకె ఉంది. అది దేనికని అడిగితే ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు, మూడోసారి అడిగితే కొట్టేశారు. ఎక్స్ షోరూం ధర చూసి మురిసిపోకుండా, లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్నీ కలిపిన ఆన్ రోడ్ ధరను వరసగా రాయించుకోండి. బండి ఏ నెలలో తయారైందో కూడా అడగండి. రిజిస్ట్రేషన్‌కు ముందే పగటి వెలుతురులో బండి చుట్టూ తిరిగి చూడండి.

పాత బండి కొందామా అని మావారు అన్నారు, ఇంకా ఏపీ 26, ఏపీ 27 అన్న పాత నంబర్లతో మంచి బండ్లు తిరుగుతున్నాయని. నిజమే. ఇన్సూరెన్సు వాళ్ల లెక్కలోనే ఐదేళ్లకు కారు విలువ సగానికి పడిపోతుంది కాబట్టి, తెలిసినవాళ్ల బండి దొరికితే నేనూ సరేననేదాన్ని. తీరప్రాంతంలో తిరిగిన బండికి ఉప్పుగాలి వల్ల అడుగున తుప్పు ఉంటుంది. లిఫ్టు మీద పైకెత్తించి చూసిన రెండిటికీ అడుగు బాగాలేదు. అక్కడితో ఆ ఆలోచన మానుకున్నాం.

మరో మాట, ముఖ్యంగా ఆడవాళ్లతో. రాత్రి తొమ్మిదికి ఫోన్ వస్తే బండి ఎవరు తీస్తారు? ఇంట్లో ఒక్కరికే డ్రైవింగ్ వస్తే, ఆ ఒక్కరూ ఊళ్లో లేనిరోజు కారు వాకిట్లో బొమ్మే. అందుకని కారుకంటే ముందు నేను డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నలభై ఆరేళ్లకు లైసెన్సు తీసుకున్నాను. తెల్లవారుజామున తుమ్మలపెంట రోడ్డు మీద, సముద్రం దాకా పోయి వస్తూ అలవాటు చేసుకున్నాను.

కారు పదిరోజుల్లో వస్తుందన్నారు. పేరు చెప్పను, మీ నోటుబుక్కులో మీ కారు వేరే ఉంటుంది. మా వీధి వెడల్పు, గేటు వెడల్పు టేపుతో కొలిచాం, అద్దాలతో సహా పడుతుంది. గేటు ముందు కాలువ మీద ఉన్న రాతి పలక మాత్రం బాగా ఎత్తు, బండి అడుగు తగులుతుంది. దాన్ని తీసేసి వాలుగా ర్యాంపు పోయడానికి రేపు మేస్త్రి వస్తున్నాడు. ఎంత వాలు ఉండాలో అత్తయ్య తన చేతికర్రతో గీసి చూపించింది. ఆ వాలు మీద తను కూడా నడవాలి కదా అంది.

ఉంటాను. నమస్కారం.