మాడు కింద పారే కాలువ

శ్రోతలకు నమస్కారం.

చంటిబిడ్డకు నీళ్లు పోసేముందు మా అమ్మమ్మ అరచేతిలో ఇంత ఆముదం పోసుకుని మాడు మీద అద్దేది. ఆ మెత్తటి చోటు వేలి కింద కొట్టుకుంటూ ఉంటుంది, చూసే ఉంటారు. సరిగ్గా దాని కిందనుంచే, ముందునుంచి వెనక్కి, ఒక పెద్ద సిర పోతుంది. మెదడు ఆక్సిజన్ వాడుకున్నాక నెత్తురు అందులో చేరి గుండెకు తిరిగెళుతుంది. ఇవాళ నా మాటలన్నీ ఆ సిర గురించే.

కాన్పు కష్టమై, పుట్టగానే ఏడవని బిడ్డ ఉన్నాడనుకోండి. అందరికీ ఒకటే టెన్షన్: మెదడుకు ఆక్సిజన్ అందిందా? పాదానికి క్లిప్పు పెడతారు, నెత్తురులో ఆక్సిజన్ 96 శాతం అని తెర మీద పడుతుంది. తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది కాలువకు వదిలిన నీళ్ల లెక్క. పొలం తాగిందెంతో చెప్పదు.

కృష్ణా డెల్టా వాళ్లకు ఇది వేరే చెప్పాలా? ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువకు ఇన్ని క్యూసెక్కులు వదిలారని పేపర్లో వస్తుంది. పొలం తాగిందో లేదో తెలియాలంటే మాత్రం చివర మురుగు కాలువ దగ్గరికెళ్లి చూడాలి. వదిలిన నీళ్లు వదిలినట్టే అక్కడ పారుతుంటే పొలం తాగట్లేదన్నమాట. మెదడూ అంతే. బాగా దెబ్బతిన్న మెదడు ఆక్సిజన్ సరిగా వాడుకోలేదు. అప్పుడు మాడు కింది సిరలో నెత్తురు ఎర్రగా, ఆక్సిజన్‌తో నిండుగా తిరిగొస్తుంది. నిండుగా ఉందని సంతోషపడటానికి లేదు.

మరి తల తెరవకుండా ఆ సిరలోకి తొంగిచూసేదెలా? 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కోర్యెల్ అనే శాస్త్రవేత్తలు ఒక తమాషా కనిపెట్టారు. ఆక్సిజన్ వదిలేసిన నెత్తురు అయస్కాంతానికి కాస్త లొంగుతుంది, నిండుగా ఉన్నది లొంగదు. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతమే కదా! ఆ సిరలోంచి వచ్చే సిగ్నల్ ఎంత త్వరగా చల్లారిందో చూసి, ఆక్సిజన్ ఎంత మిగిలిందో లెక్కకడతారు. మెదడుకు ఎంత నెత్తురు పోతోందో కూడా అదే యంత్రం కొలుస్తుంది. రెండూ కలిపితే పొలం తాగిన లెక్క. సూది లేదు, ఎక్స్‌రే లేదు. ఇది ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉంది. మామూలు ఎమ్మారై మాత్రం ఇలాంటి బిడ్డలకు మన దగ్గరా తీస్తున్నారు.

స్కాన్ ఏదైనా, బిడ్డ కదలకూడదు. చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. కడుపునిండా పాలు పట్టి, గుడ్డలో బిగుతుగా చుట్టి, యంత్రం గోల వినపడకుండా చెవులు మూస్తే నిద్రపోతాడు. నేను స్కానింగ్ గదిలో పనిచేసినవాణ్ణి. గుంటూరులో ఒకసారి బిడ్డకు పాలు పట్టడం, చుట్టడం, నిద్రపుచ్చడం అన్నీ అయ్యాక చూస్తే మొలతాడుకు తాయెత్తు, చేతులకు మురుగులు. నానమ్మ తీయనంటే తీయనంది. "దిష్టి తగులుద్దయ్యా!" తాయెత్తు లోపల ఏ ఇనుప రేకుందో ఎవరికి తెలుసు? ఆవిణ్ణి బతిమాలుతుండగానే పిల్లాడు లేచి ఏడుపు. మళ్లీ పాలవేళ దాకా ఆగాల్సొచ్చింది.

అందుకే చెబుతున్నా, అవన్నీ పాలు పట్టకముందే తీసేయండి. వచ్చాక మళ్లీ కట్టుకోవచ్చు. ఆరోజు రెండోసారి పిలిచేసరికి ఆవిడే ఎదురొచ్చి కొంగుముడి విప్పి చూపించింది. తాయెత్తు, మురుగులు, వాటితోపాటు నేను చూడనే చూడని ఒక పిన్నీసు.