వచ్చేటప్పుడు చెప్పిరాని ఆలోచనలు

నేను మాట్లాడుతుండగానే మీలో కొందరు ఎటో వెళ్లిపోయి ఉంటారు, తప్పేం లేదు. తలుపు తాళం వేశామా లేదా అనో, ఎప్పుడో ఎవరో అన్న మాటో, వదలకుండా పట్టుకున్న పాట ముక్కో, ఏదో ఒకటి వచ్చిపోతూనే ఉంటుంది. విచిత్రం ఏంటంటే అది వచ్చినప్పుడు మనకు తెలీదు. చదువుతూ ఉంటాం, కళ్లు వరుసల మీద నడుస్తూనే ఉంటాయి, పేజీ కూడా తిప్పేస్తాం, కింద దాకా వచ్చాక గానీ ఒక్క ముక్కా బుర్రకెక్కలేదని తెలీదు. మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ స్కూలర్ బృందం ఇదే పరీక్షించింది: చదువుతూ మనసు పక్కకు పోయిందని గమనించగానే బటన్ నొక్కండి అన్నారు. నొక్కారు. అయినా మధ్యమధ్యలో హఠాత్తుగా ఆపి అడిగితే, మనసు ఎప్పుడో ఎటో పోయి ఉండి, ఆ సంగతి తమకే తెలియని వాళ్లు దొరుకుతూనే ఉన్నారు.

2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు 2,250 మందిని వేళాపాళా లేకుండా ఫోన్లో పలకరించి, ఇప్పుడు మనసు చేస్తున్న పని మీదే ఉందా అని అడిగితే 46.9 శాతం సార్లు లేదనే జవాబొచ్చింది. అలాంటప్పుడు సంతోషం కూడా తక్కువే అని తేలింది. ఈ ఒక్క ముక్క పట్టుకుని మనసును కట్టేయండి అని క్లాసులు పీకేవాళ్లు బోలెడు మంది. నాకది అతిగా అనిపిస్తుంది. అలా తిరిగే మనసు చాలాసార్లు వెళ్లేది రేపటి పనుల్లోకి, అది కూడా పనే కదా.

పైగా కట్టేయడం అంత తేలికా? 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరితో, ఐదు నిమిషాలపాటు మనసులోకి వచ్చిందల్లా పైకి చెప్పండి, తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించొద్దు, వస్తే గంట కొట్టండి అన్నాడు. గంట మోగుతూనే ఉంది.

మరీ విసిగించేవి సగంలో ఆగిన పనుల ఆలోచనలు. చేయాల్సిన మెయిల్, కట్టాల్సిన బిల్లు, వేరే పనిలో ఉన్నప్పుడే గుర్తొచ్చి టెన్షన్ పెడతాయి. వీటికి మాత్రం ఒక ఉపాయం ఉంది, 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో బయటపడింది. ఆ పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో ముందే కచ్చితంగా అనుకున్నవాళ్లకు ఆ ఆలోచన మధ్యలో దూరడం తగ్గింది, పని ఇంకా మొదలే పెట్టకపోయినా సరే.