ఉయ్యాల మీద నుంచి ఉట్టి కొట్టడం: నౌకాదళంలో గురి ఎలా నేర్పుతారు?

[తెర మీద: అలల మీద ఒరుగుతూ లేస్తున్న యుద్ధనౌక]

నమస్కారం. యుద్ధనౌకల గురించి మాట్లాడిన ప్రతిసారీ నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "రాడార్ చూస్తుంది, కంప్యూటర్ లెక్క కడుతుంది. నావికుడు బటన్ నొక్కడానికి అన్ని నెలల శిక్షణ ఎందుకు?" ఇది వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు. ఆ కంప్యూటర్ చేసే పని మనిషి చేతుల నుంచి నేర్చుకున్నదే.

ఉట్టి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. తాడు లాగేవాడు కుండను అందనివ్వడు. ఇప్పుడు మీరు నేల మీద కాకుండా ఉయ్యాల మీద ఉన్నారనుకోండి. ఊగుతూనే ఆ కుండను రాయితో కొట్టాలి. నౌక మీది ఫిరంగి పని ఇదే.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గన్నర్లు, అంటే ఫిరంగి పేల్చే నావికులు, దాన్ని ఒక ఎత్తులో ఉంచి, నౌక ఒరిగి గురి లక్ష్యం మీదికి వచ్చే క్షణం కోసం కాచుకునేవారు. ఉయ్యాల కుండకు ఎదురుగా రాగానే రాయి వదలడం అన్నమాట. కానీ కన్ను చూసి, వేలు కదిలేలోగా ఉయ్యాల దాటిపోతుంది. 1899లో అయిదు అమెరికా నౌకలు కిలోమీటరున్నర దూరంలో ఉన్న ఒక పాత ఓడ మీద, ఒక్కొక్కటి అయిదు నిమిషాల చొప్పున కాల్పులు జరిపాయి. మొత్తం ఇరవై అయిదు నిమిషాల్లో తగిలినవి రెండే, అవీ తెరచాపలకు!

[తెర మీద: పాత ఫిరంగి, దాని ఎత్తు మార్చే చక్రం]

అంతకు ముందు ఏడాదే, 1898లో, బ్రిటిష్ నౌక స్కిల్లా కెప్టెన్ పెర్సీ స్కాట్ ఒక విషయం గమనించాడు. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున గన్నర్లందరూ తడబడుతుంటే ఒక్కడి గుండ్లు మాత్రం తగులుతున్నాయి. అతను తనకు తెలియకుండానే నౌక ఒరిగే కొద్దీ చక్రం తిప్పుతూ, గురిని లక్ష్యం మీదే నిలుపుతున్నాడు. ఉయ్యాల ఎటు ఊగినా చూపుడు వేలు కుండను వదలడం లేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ పేరు తెలియని గన్నరే.

స్కాట్ చక్రానికి పళ్ల నిష్పత్తి మార్చి తేలిగ్గా తిరిగేలా చేశాడు. గురి చూసే దుర్భిణిని ఫిరంగితో పాటు వెనక్కి తన్నకుండా అమర్చాడు. అంతకు ముందు కన్ను ఎక్కడ వాచిపోతుందోనన్న భయంతో గన్నర్లు దాన్ని వాడేవారే కాదు. ఇక శిక్షణ కోసం ఒక పరికరం తయారుచేశాడు. గన్నర్ ముందు చిన్న కాగితపు లక్ష్యం పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. గురి వదలకుండా దాన్ని వెంబడించి ట్రిగ్గర్ నొక్కితే, పెన్సిలు కాగితం మీద చుక్క పెడుతుంది. అంటే ఉయ్యాలను ఆపి, ఉట్టి తాడు లాగడం మొదలుపెట్టాడు! ఒక్క గుండు కూడా ఖర్చు కాలేదు. 1899లో స్కిల్లా గుండ్లలో ఎనభై శాతం లక్ష్యానికి తగిలాయి. అమెరికా కూడా ఈ పద్ధతి పట్టుకుంది. ఆరేళ్లకు అక్కడి ఒక గన్నర్ అదే దూరంలో నిమిషానికి 15 గుండ్లు తగిలించాడు.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను.

మన దగ్గర కొత్త అగ్నివీరులు ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో తొలి శిక్షణ పొందుతారు. మొదటి జట్టు పదహారు వారాల శిక్షణ ముగించి 2023 మార్చి 28న బయటికి వచ్చింది. ఫిరంగి విద్యకు బడి కొచ్చిలోని ఐఎన్‌ఎస్ ద్రోణాచార్య. ఆ పేరు వినగానే అందరికీ చెట్టు మీది పక్షి కన్ను గుర్తొస్తుంది. నేనైతే మత్స్యయంత్రమే సరైన పోలిక అంటాను, ఎందుకంటే అక్కడ లక్ష్యం తిరుగుతూ ఉంటుంది.

నేటి పెద్ద ఫిరంగుల్లో ఆ చక్రం పనిని నౌక ఒరుగుడును పసిగట్టే గైరోస్కోపులూ, మోటార్లూ చేస్తాయి. అయినా మనిషి తప్పుకోలేదు. 2000 అక్టోబరులో ఏడెన్ రేవులో అమెరికా నౌక కోల్ పక్కకు ఒక చిన్న పడవ వచ్చి పేలింది, 17 మంది నావికులు చనిపోయారు. అలాంటి పడవ శత్రువుదా, చేపలు పట్టేవాళ్లదా అన్నది డెక్ మీద కాపలా ఉన్న కుర్రవాడే చూసి చెప్పాలి.

చివరగా, ట్రిగ్గర్ నొక్కినా గుండు పేలకపోతే? కొత్తవాడి చేయి వెంటనే ఫిరంగి వెనక తలుపు తెరవబోతుంది. కానీ పేలుడు మందు లోపల ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే గొట్టాన్ని సముద్రం వైపే ఉంచి, చెప్పినంతసేపు కదలకుండా ఆగడం వాళ్లకు పదే పదే నేర్పుతారు.